టమోటా నలభై

శనివారం పొద్దున ఏడు గంటలకు లూదియా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా సరుకులు తెప్పించాలి, పదకొండుకల్లా వంట నేర్చుకోవాలి, మధ్యాహ్నం ఒక కునుకు తీయాలి. మరునాడు ఆరాధన అయ్యాక పాస్టరు అజయ్ కుమార్ అయ్యగారికీ, ఆయన భార్యకూ తన చేత్తో వండి వడ్డించాలి. వయసు నలభై ఆరు, సంసారం ఇరవై రెండేళ్లు. ఇంతకాలంలో ఆమె పొయ్యి వెలిగించింది కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి అంటించుకోవడానికే. అయినా పదకొండుకల్లా వంట వచ్చేస్తుందని గట్టి నమ్మకం. ప్రభుత్వ బడిలో పదో తరగతికి లెక్కలు చెప్పే మనిషికి పప్పు ఉడకబెట్టడం కూడా ఒక విద్యేనా అని ఆమె వాదన.

ఈ వాదన బుధవారం మొదలైంది. ఆ రోజు నంద్యాల నూనెపల్లెలోని వాళ్లింట్లో స్త్రీల సమాజం కూడిక జరిగింది. అత్త ఆదెమ్మ పన్నెండు మంది ఆడవాళ్లకు ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. ఇందులో కోడలి చెయ్యి కూడా ఉందా అని ఎవరో మర్యాదకు అడిగారు.

"మా లూదియాకు పొయ్యి ఏ పక్కకు తిప్పితే అంటుకుంటాదో కూడా తెలీదు" అంది ఆదెమ్మ.

పన్నెండు మందీ నవ్వారు. లూదియాకు ఆ నవ్వు గుచ్చుకుంది. వంట రాని మాట నిజమే. కానీ పెళ్లయిన కొత్తలో రెండుసార్లు వంటింట్లోకి పోతే "నువ్వు పో, బడికి టైమైతాంది" అని భుజం పట్టుకుని బయటికి పంపింది ఈ అత్తే. మూడోసారి ఆమె పోలేదు, అత్త పిలవలేదు. నేర్పకుండా ఇరవై రెండేళ్లు కూర్చోబెట్టి, ఇప్పుడు రాదని పదిమందిలో నవ్వించడం ఏ న్యాయమో ఆమెకు అర్థం కాలేదు.

ఆ సంఘంలో నెలకొక ఇంటివాళ్లు ఆదివారం అయ్యగారికి భోజనం పెట్టడం ఆనవాయితీ. దాన్ని వంతు అంటారు. వంతు చెడగొట్టిన ఇంటి పేరు ఏడాది పొడుగునా నలుగుతుంది. పోయిన ఏడు ఒకరు హోటలు బిర్యానీ తెప్పించి ఇంటిదని వడ్డిస్తే, అయ్యగారు భోజనమైన తర్వాత చేసిన ప్రార్థనలో ఆ హోటలువాళ్లను కూడా పేరు పెట్టి దీవించారు. ఈ నెల వంతు ఆదెమ్మ ఇంటిది. నవ్వు ఇంకా ఆగకముందే లూదియా లేచి నిలబడి, ఆదివారం అయ్యగారికి వండేది తానేనని చెప్పేసింది.

ఆదెమ్మ చేతిలోని పళ్లెం కింద పెట్టింది. "అట్లనా. అయితే నేను ఆళ్లగడ్డకు, నిర్మల దగ్గరికి పోతాండా. చేతగాకుంటే వచ్చి పిల్చకపో."

"చేతగాకుంటే వీళ్లందరి ముందర తప్పొప్పుకోని పిల్చకొస్తా. ఈ జన్మకు నీ వంటింట్లో కాలుపెట్టను."

అరగంటలో ఆదెమ్మ సంచి సర్దుకుని కూతురు నిర్మల ఇంటికి ఆళ్లగడ్డ బస్సెక్కేసింది. లూదియా భర్త బెన్నీ ఆర్టీసీ డిపోలో మెకానిక్. అమ్మదీ న్యాయమే, భార్యదీ న్యాయమే అనే మనిషి కాబట్టి మూడు రోజులుగా డిపో క్యాంటీన్‌లో తింటున్నాడు. అమ్మకు ఒక్క ఫోన్ చేస్తే పోతుంది కదా అని శుక్రవారం ఒక మాట అని చూశాడు. లూదియా అతనివైపు చూసిన చూపుకు, స్కూటరు ఆయిలు మార్చాలని గుర్తొచ్చి బయటికి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున పోపుల డబ్బా కింద ఒక చీటీ దొరికింది. అత్త దస్తూరీ. పైన "అయ్యగారి వంతు" అని, కింద వరసగా రాసి ఉంది: టమోటా 40, ఎర్రగడ్డ 30, పచ్చిమిరప 10, కొత్తిమీర 20, కోడి 2. లూదియాకు ప్రశ్నపత్రం ముందే దొరికినంత సంతోషమైంది.

ఆదెమ్మ జన్మలో కూరగాయలు కిలోల్లెక్కన కొనలేదు. బండి దగ్గర నిలబడి నలభై రూపాయలకు టమోటాలెయ్యి, పది రూపాయలకు మిరపకాయలెయ్యి అంటుంది. బండివాడు వేసినదానికి ఇంకో గుప్పెడు తానే వేసుకుంటుంది. కోడి దగ్గర మాత్రం ఈ ఆటలు సాగవు గనుక అది కిలోల్లో తెస్తుంది. చీటీలో కోడి ఒక్కటే కిలోలు, మిగిలినవన్నీ రూపాయలు. ఇదంతా ఆ బండివాడికి తెలుసు, వీధిలో కుక్కలకు తెలుసు. జవాబు పక్కన ప్రమాణాలు రాయని పిల్లలకు అరమార్కు కోసే లూదియాకు మాత్రం తట్టలేదు.

ఆమె ఫోన్‌లో ఇంటిసంచి అనే కొత్త యాప్ ఉంది. చీటీ ఫోటో తీసి పంపితే చాలు, సరుకులు గుమ్మంలోకి వస్తాయి. పంపిన అయిదు నిమిషాలకు ఫోన్ మోగింది. యాప్ సహాయం విభాగం నుంచి వినీత అనే అమ్మాయి.

"మేడమ్, టమోటా నలభై అని ఉంది. కిలోలేనా?"

నలుగురి వంటకు ఎన్ని టమోటాలు పడతాయో లూదియాకు తెలియదు. తెలియదని ఒక చిన్నపిల్ల దగ్గర ఒప్పుకునే ఉద్దేశం అసలే లేదు.

"మరి గ్రాములా? చీటీలో ఉండేది ఉండేట్ల పంపమ్మా. ప్రశ్నలేసే పని నాది."

వినీత భయం భయంగా ఇంకొక్క ప్రశ్న వేసింది, ఇది దేనికోసమని. సంఘం వంతు, అయ్యగారి భోజనం అని లూదియా చెప్పింది. వినీతకు సంఘం అనే మాట ఒక్కటే వినబడింది. పెద్ద విందు అని రాసుకుని, పెద్ద బండి మాట్లాడింది.

పదిన్నరకు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు రెండు పెద్ద ట్రేల టమోటాలు దించాడు. ఎర్రగడ్డల మూట దించాడు. పచ్చిమిరపకాయల గోతం దించాడు. ఇరవై కట్టల కొత్తిమీర గుమ్మానికి ఆనించి పెట్టాడు. చివరగా రెండు కిలోల కోడి ఉన్న చిన్న కవరు తెచ్చి చేతికిచ్చాడు. లూదియా ఆ కవరువైపూ, ఆ గుట్టవైపూ మార్చి మార్చి చూసింది. ఎక్కడో లెక్క తప్పిందని అప్పుడు తెలిసింది. తిప్పి పంపేద్దామని నోరు తెరిచింది కూడా.

సరిగ్గా అప్పుడే ఎదురింటి గురుస్వామి వీధి దాటి వచ్చాడు. ఆయన సంఘ పెద్ద. ఎవరింట్లో ఏం దిగినా దగ్గరుండి చూడటం తన బాధ్యత అనుకునే మనిషి.

"మీ అత్త ఉండింటే ఇట్లయ్యేదామ్మా. పొరబాటున తెప్పించినట్లుండావు. ఎనక్కి పంపీ, వానికి నేను చెప్తా" అన్నాడు.

ఆయన అత్త మాట ఎత్తకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. లూదియా తెరిచిన నోరు మూసి, మళ్లీ తెరిచింది.

"పొరబాటేం లేదు మామా. రేపు సంఘానికంతా భోజనం మా ఇంటిదే."

ఆ మాట తానే అన్నదా అని ఆమె ఆలోచించుకునేలోపల గురుస్వామి కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పాడు. పది నిమిషాల్లో సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రకటన వచ్చింది: రేపు ఆరాధన తర్వాత ప్రేమవిందు, వంట లూదియమ్మగారి చేతిది, అందరూ కుటుంబాలతో రావాలి. దాని కింద నలభై మూడు దండాలు, ఒకే ఒక్క ప్రశ్న. నిజమేనా అని అడిగింది పాస్టరుగారి భార్య.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన బెన్నీ సంగతి విని ఎర్రగడ్డల మూట మీదే కూర్చుండిపోయాడు. ఎంతమంది అన్నాడు. నూటనలభై అంది. నలుగురికే రాదు కదా అని మెల్లగా గుర్తు చేశాడు.

"నలుగురికి ఎట్ల చెయ్యాల్నో నాకు తెలీదప్పా. నూటనలభై మందికి తెల్సు" అంది లూదియా.

అందులో సగం నిజం ఉంది. బడిలో పదేళ్లుగా మధ్యాహ్న భోజనం చూసేది ఆమే. వందమందికి ఎన్ని కిలోల బియ్యం, ఎంత పప్పు, ఎంత నూనె అన్నది నోటికి వచ్చు. వాటిని ఏం చేస్తే అన్నం, పప్పు అవుతాయన్నది మాత్రం వంటమనిషి వ్యవహారం కనుక ఆమె ఎన్నడూ తొంగిచూడలేదు. ఇరవై కిలోల బియ్యం, తొమ్మిది కిలోల కందిపప్పు యాప్‌లో పెట్టింది. ఈసారి ప్రతి అంకె పక్కనా కిలోలు అని రెండుసార్లు రాసింది.

సాయంత్రం అయిదింటికి ఇంట్లో నమూనా వంట మొదలైంది. మొదటి పప్పు మాడి కుక్కరుకు అతుక్కుంది, నీళ్లు పోయాలని ఎవరూ చెప్పలేదు గనుక. రెండోది నీళ్లలో ఈదులాడింది గాని మెత్తబడలేదు. పొగ చూసి గురుస్వామి వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. లూదియా కిటికీ మూసి, ఇంటిసంచికి ఫోన్ చేసింది.

"సరుకు అమ్మితే సరిపోయిందా? ఫ్యాను అమ్మినోడు స్విచ్చి యాడుందో చెప్తాడు గదా. పప్పు అమ్మినారు, ఎట్ల ఉడకబెట్టాల్నో చెప్పండి."

వినీతకు ఉద్యోగం వచ్చి రెండు నెలలే అయింది. సహాయం విభాగం అంటే ఏమేమి సహాయాలో ఆమెకూ సరిగ్గా తెలియదు. ఒక్క నిమిషం మేడమ్ అని ఫోన్ ఆపి పెట్టింది. కాసేపు సంగీతం వచ్చింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె గొంతులో ఎక్కడలేని ధైర్యం ఉంది.

"మేడమ్, పప్పు ముందర కడిగినారా అని అడుగుతాంది."

"ఎవరు?"

"కంపెనీ, మేడమ్."

కంపెనీకి వంట బాగా తెలిసినట్టే ఉంది. పప్పులో ముందు చుక్క నూనె, చిటికెడు పసుపు వేయమంది. టమోటా పప్పు ఉడికిన తర్వాతే వేయమంది. ముందే వేస్తే ఆ పులుపుకు పప్పు మెత్తబడదట. రెండు కిలోల కోడితో నూటనలభై మందికి కూర కుదరదు, చారు కాయమంది. కూరలో ఎవరికెన్ని ముక్కలొచ్చాయో లెక్కపెడతారు, చారులో అందరికీ వాసన వస్తుంది, లెక్క ఎవరికీ అందదు. లూదియా నోటుపుస్తకం తెచ్చి ఒక్కొక్కటే రాసుకుంది. ఇన్నేళ్లలో వంట గురించి ఎవరైనా తనకు ఓపిగ్గా చెప్పడం ఇదే మొదటిసారి. మనసులో ఆ కంపెనీని మెచ్చుకుంది.

"ఇంకొకటి మేడమ్. మీరు గంటె ఎడంచేత్తో తిప్పుతాండారంట. కుడిచేత్తో తిప్పమంటాంది. అడుగంటేది అందుకేనంట."

లూదియా తన ఎడంచేతిని చూసుకుంది. అందులో గంటె ఉంది.

"మీ ఇంట్లో సారుకు గ్యాస్ ట్రబులంట గదా. పచ్చిమిరప సగానికి తగ్గించమంటాంది."

ఈ కంపెనీలకు మన గుట్టంతా తెలుసని టీచర్ల గదిలో అనుకోవడం ఆమె విన్నదే గాని, బెన్నీ కడుపు దాకా వెళ్లి ఉంటుందనుకోలేదు. ఫోన్ కెమెరా మీద ఒక ప్లాస్టరు ముక్క అంటించి, మిగతా పాఠం విన్నది. ఆరున్నరకు మూడో పప్పు కుదిరింది. బెన్నీ రుచి చూసి ఇంకొంచెం వేసుకున్నాడు. ఆ ఇంట్లో అంతకుమించిన సర్టిఫికెట్ లేదు.

ఆదివారం తెల్లవారి ఆరింటికే చర్చి ఆవరణలో రెండు పెద్ద పొయ్యిలు వెలిగాయి. కోడలి వంట చూసి పోదామని స్త్రీల సమాజం పన్నెండు మందీ ముందే వచ్చేశారు. చూడటానికి వచ్చినవాళ్ల సంగతి లూదియా బడిలో ఇరవై ఏళ్లుగా చూస్తున్నదే. ప్రతి ఒక్కరి చేతిలో ఒక కత్తి పెట్టి, మూడు వరసలుగా కూర్చోబెట్టింది. మొదటి వరసకు ఎర్రగడ్డలు, రెండో వరసకు టమోటాలు, చివరి వరసకు కొత్తిమీర. మాట్లాడినవాళ్లను లేపి ఎర్రగడ్డల వరసలోకి మార్చింది. పాస్టరుగారి భార్య రెండుసార్లు మారింది. ఎనిమిదికల్లా మూట ఖాళీ అయింది, అందరి కళ్లూ ఎర్రబడ్డాయి. బెన్నీ కట్టెలు ఎగదోస్తూ, ఈమె నలుగురికి వండి ఉంటే ఎంత పాడుచేసి ఉండేదో కదా అనుకున్నాడు.

చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, కుడిచేత్తో గంటె తిప్పుతూ లూదియా కంపెనీ చెప్పినట్టే అన్నీ చేసింది. ఒక్కచోట మాత్రం నిలబడిపోయింది.

"పప్పులో ఇప్పుడు చింతపండు రసం పొయ్యమంటాంది మేడమ్, ఇంతమందికి అరకిలో చింతపండు పడతాదంట. లేకుంటే పులుపు చాలదంట" అంది వినీత.

లూదియా డేక్షాలోకి చూసింది. పచ్చడికి పోగా మిగిలిన ఇరవై కిలోల టమోటాలు ఎర్రగా కుతకుతలాడుతున్నాయి. ఇంత పులుపు ముందే ఉన్నచోట ఇంకో పులుపు ఎందుకు పోయాలో ఏ లెక్క ప్రకారం చూసినా ఆమెకు అర్థం కాలేదు. వద్దంది. వినీత కాసేపు మాయమై తిరిగి వచ్చి, యాభై ఏండ్లుగా పోస్తున్నాం, పోసి తీరాలి అంటాంది మేడమ్ అని చెప్పింది. కంపెనీ పెట్టి యాభై ఏళ్లయిందా అని కూడా లూదియా ఆలోచించలేదు. సరే పోస్తాలే అని ఫోన్ పెట్టేసి, పోయలేదు.

ఒంటిగంటకు ఆరాధన ముగిసింది. నూటనలభై మందికి నూటఅరవై మంది వచ్చారు, లేచినవాళ్లలో కొందరు మళ్లీ కూర్చున్నారు. పప్పు అడుగు కనిపించింది. టమోటా పచ్చడి అంతకుముందే అయిపోయింది. కోడిచారు తాగిన ప్రతివాడూ తన ముక్క పక్కవాడికి పోయిందనుకున్నాడు గాని, అసలు ముక్కలే తక్కువని ఎవరికీ తోచలేదు. అయ్యగారు భోజనానంతర ప్రార్థనలో లూదియా చేతులను మాత్రమే దీవించారు. పన్నెండు మంది ఆడవాళ్లు ఎర్రబడ్డ కళ్లతో ఆమెన్ అన్నారు. లూదియా కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది పొయ్యి పొగ అని తనకు తానే చెప్పుకుంది.

గెలిచింది కనుక ఆళ్లగడ్డకు పోవలసిన పనిలేదు. కానీ నవ్వించిన మనిషి రుచి చూడకుండా గెలుపు ఏం గెలుపు. ముందే తీసిపెట్టిన పప్పు, చారు, అన్నం క్యారియర్‌లో సర్దింది. పిల్చకరాను పోతున్నావా అని బెన్నీ ఆశగా అడిగాడు. కాదు, తినిపించి రావడానికి పోతున్నానని చెప్పి నాలుగు గంటల బస్సెక్కింది. దారిలో శిరివెళ్ల దాటేదాకా ఏమేమి అనాలో మనసులో వరసగా పేర్చుకుంటూనే ఉంది.

ఆదెమ్మ నిర్మల ఇంటి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కోడలు కనబడగానే ముఖం వెలిగింది. వెంటనే దాన్ని సరిచేసుకుంది.

"పిల్చకపోను వచ్చినావా?"

"లేదు అత్తా. తినను పెట్టేకి వచ్చినా."

క్యారియర్ తెరిచింది. ఆదెమ్మ అన్నంలో పప్పు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది. ఇంకో ముద్ద పెట్టుకుంది.

"పులుపు కుదిరింది. చింతపండు నేను చెప్పినంత పోసినట్లుండావే."

లూదియా చెయ్యి మూత మీదే ఆగిపోయింది. "నువ్వెప్పుడు చెప్పినావ్?"

ఇంతలో మేడ మీది గదిలోంచి ఒక అమ్మాయి, చెవికి ఇయర్‌ఫోను, చేతిలో ఫోను, గబగబా మెట్లు దిగి వచ్చింది. "ఈ గొంతు నంద్యాల మేడమ్‌ది గదా అవ్వా" అంది. నిర్మల మేడ మీద అద్దెకున్న అమ్మాయి, ఇంటినుంచే పనిచేసే ఇంటిసంచి సహాయం విభాగం, వినీత. తనకు వంట రాదు గనుక కింద కొత్తగా వచ్చిన అవ్వను అడిగి చెప్పానని, అవ్వకు మొదటి ప్రశ్నకే ఈమె ఎవరో తెలిసిపోయిందని, కంపెనీ అని చెప్పమన్నది కూడా అవ్వేనని, ఇద్దరి ముఖాలూ చూడకుండా గడగడా చెప్పేసింది. తర్వాత ముఖాలు చూసి మేడెక్కేసింది.

లూదియాకు బస్సులో పేర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. నూటఅరవై మంది తిన్నది అత్త వంట. అయ్యగారు దీవించింది అత్త చేతులను. ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

"నాకెందుకు చెప్పినావ్? పాడైతే నీ మాట గెల్చేది గదా."

"నా ఇంటి వంతు పాడుచేసుకుంటానా. అయినా, అడిగింటే చెప్పనా?"

"ఇరవై రెండేండ్లు అడగనిచ్చినావా?"

ఆదెమ్మ పళ్లెంలో వేలితో గీతలు గీసింది. "నువ్వు ఉద్యోగం చేస్తాండావు. దుడ్లు తెస్తాండావు. ఆ వంటిల్లు గూడా నీకిచ్చేస్తే ఆ ఇంట్లో నాకేముంటాది?" అంది.

ఈ మాట లూదియా ఊహించలేదు. అత్తకు భయమనేది ఒకటి ఉంటుందని ఇన్నేళ్లలో ఒక్కసారీ తోచలేదు. జాలి పడింది గాని, జాలిపడినట్టు కనబడితే ముసలామె సహించదని కూడా తెలుసు. అందుకని పోట్లాటే కొనసాగించింది.

"చింతపండు నేను పొయ్యలేదు."

ఆదెమ్మ తలెత్తింది. "ఏందీ?"

"పొయ్యలా. ఇరవై కిలోల టమోటాలుండంగా చింతపండెందుకు?"

ఆదెమ్మ మూడో ముద్ద తీసుకుంది. కళ్లు మూసుకుని నాలుక మీద నిలిపింది. యాభై ఏళ్ల చింతపండు ఆమె ముఖం మీదుగా ఒక్కొక్క ఏడాదే దాటిపోవడం లూదియా నిలబడి చూసింది. తొందరపెట్టలేదు.

"బాగుంది" అంది ఆదెమ్మ చివరకు. ఆ మాట చాలా కష్టపడి బయటికొచ్చింది.

లూదియా ఖాళీ గిన్నెలు కడిగి, తుడిచి, క్యారియర్ బిగించింది. చీకటి పడకముందే బస్సు అందుకోవాలని, పోయి వస్తానని చెప్పింది. పిలవలేదు. గెలిచినవాళ్లు పిలవరు.

"ఆ క్యారియర్ నాది. నేను లేకుండా అది యాడికీ పోదు" అని ఆదెమ్మ లేచి, మంచం కింద నుంచి సంచి లాగింది. సంచి సర్దే ఉంది, జిప్పు కూడా వేసే ఉంది. ఎప్పుడు సర్దిందో లూదియా అడగలేదు.

నంద్యాల బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చుని ఇద్దరూ చెరొక వైపు చూస్తున్నారు. కండక్టర్ వచ్చి ఇద్దరూ కలిసే వచ్చారా అని అడిగితే, లేదని ఇద్దరూ కలిసే చెప్పారు.